రైలు రాని ఊరి నుంచి రైళ్ల ప్రదర్శనకు

హాలు గుమ్మం దగ్గర ఒక కుర్రాడు నా చేతిలో మెరిసే పసుపుపచ్చ చొక్కా పెట్టి తొడుక్కోమన్నాడు. లోపల వ్యాన్లు, ఫోర్క్‌లిఫ్టులు తిరుగుతున్నాయి, అది వేసుకోందే అడుగు పెట్టనివ్వరు. చలికోటు మీద దాన్ని బిగించుకునేసరికి, మా ఊళ్లో రోడ్డు పని జరిగేచోట ఎర్రజెండా పట్టుకుని నిలబడే మనిషిలా తయారయ్యాను. ఆ రోజు 2023 నవంబరు 24, శుక్రవారం. ఊరు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్. మర్నాటి నుంచి రెండు రోజులు అక్కడి నేషనల్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో వార్లీ మోడల్ రైల్వే క్లబ్బు వారి ప్రదర్శన. 1993 నుంచి వాళ్లు దాన్ని అక్కడే జరుపుతూ వచ్చారు. కోవిడ్ కాలంలో ఆగి మళ్లీ మొదలైంది. మా అబ్బాయి సభ్యుడిగా ఉన్న ట్రైన్ సిమ్యులేటర్ క్లబ్బుకి అందులో ఒక స్టాలు ఇచ్చారు. ఆ స్టాలులో పనివాళ్లు తక్కువయ్యారు. కొడుకుని చూద్దామని తిరువూరు నుంచి వచ్చిన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ ఒకడు ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉన్నాడు. అలా కుదిరింది.

చొక్కా తర్వాత కరెంటు వంతు. మేం తెచ్చిన ప్రతి కంప్యూటరుకీ, మానిటరుకీ, ఆఖరికి ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరుకీ కూడా పరీక్ష చేసిన తేదీతో చీటీ అంటించి ఉండాలి. ఒకాయన వచ్చి బల్ల కిందికి వంగి మరీ చూసి వెళ్లాడు. వినాయక చవితి పందిళ్లకు మా వీధిలో స్తంభం మీంచి వైరు ఎలా తగిలిస్తారో గుర్తొచ్చి నవ్వాపుకున్నాను. బల్లలకు నల్లగుడ్డ కప్పడం, వైర్లను కాళ్లకు తగలకుండా టేపుతో నేలకు అంటించడం నా పని. సాయంత్రానికి మూడు కంప్యూటర్లు వెలిగాయి.

ట్రైన్ సిమ్యులేటర్ అంటే ఏమిటో మా ఊళ్లో చాలామందికి చెప్పి చూశాను. "రైలాట" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఆటే. కానీ ఇందులో గెలవడం ఉండదు. తెర మీద ఇంజను క్యాబిన్ లోంచి కనిపించే పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్లు ఉంటాయి. చేతి కింద కంట్రోలరు, బ్రేకులు, హారన్ ఉంటాయి. టైముకు బయల్దేరి, వేగం మించకుండా, సిగ్నల్ చూసుకుంటూ, వచ్చే స్టేషన్లో ప్లాట్‌ఫారం గుర్తు దగ్గర ఆపాలి, అంతే. 2001లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ట్రైన్ సిమ్యులేటర్ అని ఒకటి తెచ్చింది. అందులో ఇంగ్లండు, ఆస్ట్రియా, జపాను, అమెరికా దారులున్నాయి, మన దేశపు దారి లేదు. అయితే కొత్త దారులు ఎవరికివారు కట్టుకునే పనిముట్లు మాత్రం దానితోపాటే ఇచ్చారు. దాంతో ప్రపంచమంతా ఎవరి ఊరి రైలుదారి వాళ్లు కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ కంపెనీ దాన్ని వదిలేసిన తర్వాత అదే ఫైళ్లను నడిపేలా కొందరు ఔత్సాహికులు ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ రాశారు. మా స్టాలులో నడిచింది అదే.

మా అబ్బాయి కట్టిన దారి విజయవాడ నుంచి మధిర. తిరువూరుకి రైలు లేదు. ఊరి మీదుగా పోయేది విజయవాడ నుంచి భద్రాచలం వైపు వెళ్లే జాతీయ రహదారి. మాకు రైలంటే అటు బెజవాడ పోవాలి, ఇటు మధిర పోవాలి. మధిర మీదుగా పోయే ఆ లైను వేసింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1883లో లండన్‌లో పెట్టిన కంపెనీ అది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లోనే వచ్చిన రైలును వీళ్లు వరంగల్, డోర్నకల్ మీదుగా పొడిగించి 1889లో బెజవాడ చేర్చారు. వాళ్ల చూపంతా సింగరేణి బొగ్గు మీద, బెజవాడ మీదుగా రేవులకు పోయే దారుల మీద. నిజాం సరిహద్దుకు ఇవతల, మద్రాసు రాజధానిలో ఉన్న మా ఊరు వాళ్ల దారిలో లేదు. రైలు లేని ఊరి పిల్లాడికి రైలు పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు. రోజూ చూసేవాడికి అది చప్పుడు, ఎప్పుడో చూసేవాడికి పండగ.

దారి కట్టడంలో నాకూ వాటా ఉంది. నేల ఎత్తుపల్లాలు ఉపగ్రహం తీసిన లెక్కల్లోంచి దొరుకుతాయి. పట్టాల వంపులు మ్యాపుల్లో దొరుకుతాయి. దొరకనిది మిగతా అంతా. రాయనపాడు వ్యాగన్ల వర్క్‌షాపు గోడ ఏ రంగు? కొండపల్లి కొండ రైల్లోంచి చూస్తే ఏ పక్కన ఎంతసేపు కనిపిస్తుంది? థర్మల్ స్టేషను గొట్టాలు ఎక్కణ్నుంచి మొదలవుతాయి? చెరువుమాధవరం, గంగినేని, ఎర్రుపాలెం, తొండల గోపవరం ప్లాట్‌ఫారాల మీద చెట్లేమిటి, గేటు గుమటీ పట్టాలకు ఎటువైపు? ఇవన్నీ కళ్లతో చూసిన మనిషి చెప్పాలి. రిటైరయ్యాక ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నోటు పుస్తకంలో రాసుకోవడం నా పని అయింది. కరెంటు తీగలు మోసే స్తంభాల మీద కిలోమీటరు, వరస నంబరు రాసి ఉంటాయి. వాటిని పట్టుకుంటే ఏ తాటిచెట్టు ఎక్కడుందో కొలిచినట్టే. పట్టాల మీదికి మాత్రం దిగకూడదని మా అబ్బాయి గట్టి కట్టడి పెట్టాడు. "స్టేషన్ నుంచి, రైల్లోంచి కనిపించినంతే రాయి నాన్నా, మిగతాది వదిలేయ్" అనేవాడు. తోటి ప్రయాణికులు నన్ను టికెట్ కలెక్టరనుకున్నారు, విలేకరి అనుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం, "పాపం, ఏదో మొక్కు అయ్యుంటుంది" అంది.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. తిరువూరు నుంచి కారులో మధిర, గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు, శంషాబాదులో విమానం, దుబాయిలో మరో విమానం, బర్మింగ్‌హామ్. మా ఆవిడ పెట్టెలో సగం గోంగూర పచ్చడి, కారప్పొడి, మిగతా సగంలో చీరల మధ్య జాగ్రత్తగా చుట్టిన కొండపల్లి బొమ్మలు. అవి కోడలు అడిగిందని తెచ్చాం. వాటి సంగతి తర్వాత చెబుతాను.

బర్మింగ్‌హామ్‌లో విమానాశ్రయం, రైల్వే స్టేషను, ప్రదర్శనశాల మూడూ పక్కపక్కనే. స్టేషన్ పేరే బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్. విమానాశ్రయం నుంచి స్టేషనుకి మనుషుల్ని చేరవేసే చిన్న బండి ఒకటి తీగ లాగుతుంటే పైన పట్టా మీద పోతుంది, టికెట్ అక్కర్లేదు. ఆ బండి స్థానంలోనే 1984 నుంచి 1995 దాకా అయస్కాంతం మీద తేలే మ్యాగ్లెవ్ రైలు నడిచిందని, వ్యాపారపరంగా నడిచిన మ్యాగ్లెవ్‌లలో ప్రపంచంలో అదే మొదటిదని మా అబ్బాయి చెప్పాడు. ఏళ్ల తరబడి క్లాసులో మ్యాగ్లెవ్ అనగానే జపాను, జర్మనీ అని చెప్పినవాణ్ని, కాసేపు అక్కడే నిలబడి చూశాను. "ఏవండీ, చలి" అని మా ఆవిడ లాక్కుపోయింది.

శనివారం పొద్దున తలుపులు తెరిచేసరికి బయట క్యూ వంపులు తిరిగి ఉంది. పిల్లలు తక్కువ. ఎక్కువమంది నా వయసువాళ్లు, వీపున సంచి, చేతిలో హాలు మ్యాపు. నేను ఇంత పెద్ద మనుషులు బొమ్మల కోసం ఇంత గంభీరంగా నిలబడటం ఎక్కడా చూడలేదు. లోపల హాలు నిండా రైలు నమూనాలు. ఇంగ్లండులో ఎక్కువ వాడేది డబుల్-ఓ స్కేలు, అసలులో 76వ వంతు. ఎన్ స్కేలులో అసలులో 148వ వంతు, పెట్టె వెడల్పు మన బొటనవేలి వెడల్పంత. ఒక్కో నమూనా వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు. జనానికి కనిపించేది ముందున్న స్టేషను, ఊరు, వంతెన. తెర వెనక ఫిడిల్ యార్డ్ అని దాచిన పట్టాల వరసలుంటాయి. ఊరు దాటిన రైలు అందులోకి పోయి నిలబడుతుంది, వేళ వచ్చినప్పుడు మళ్లీ వస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక పని తెలిసినవాళ్లు దీన్ని తొందరగా పట్టుకుంటారు. దుకాణాలు కూడా చాలా ఉన్నాయి. 1920 నుంచి బొమ్మ రైళ్లు చేస్తున్న హార్న్‌బీ పేరు అక్కడ చాలాచోట్ల కనిపించింది. ఒక ఆవిరి ఇంజను చీటీ మీద రెండొందల పౌండ్లకు పైన రాసి ఉంటే మా ఆవిడ రూపాయల్లోకి మార్చి, "ఇరవై వేలా! బంగారమైనా కాదే!" అంది.

మా స్టాలు పెద్దాయన డెబ్బై దాటిన మనిషి, సిగ్నల్ బాక్సులో పనిచేసి రిటైరయ్యాడు. పొద్దున్నే మా అందర్నీ నిలబెట్టి స్టాలు ఎలా నడపాలో చెప్పాడు. బల్ల వెనక అందరూ కూర్చోకూడదు, ఒకరు ఎప్పుడూ బయటివైపు జనంలో నిలబడాలి. పిల్లాడు తప్పు చేస్తుంటే చేతిలోంచి మౌస్ లాక్కోకూడదు, మాటతోనే చెప్పాలి. పిల్లాడితో మాట్లాడుతూనే వెనక నిలబడ్డ తండ్రితో కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఇంటికెళ్లి కంప్యూటర్లో దించేది ఆయనే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, అంతకు మించితే క్యూ విరిగిపోతుంది. అయిపోగానే ఆటను మొదటి స్థితికి తెచ్చి పెట్టాలి, తర్వాతివాడు సగంలో పట్టాలు తప్పిన రైలును చూడకూడదు. అదనపు మౌస్ జేబులో ఉండాలి. నేను నోటు పుస్తకం తీసి రాసుకున్నాను. పాఠం చెప్పడం గురించి బీఈడీలో కూడా ఇంత బాగా చెప్పలేదు.

మొదటి కంప్యూటర్లో సెటిల్ – కార్లైల్ లైను. ఉత్తర ఇంగ్లండు కొండల్లో 1876లో ప్రయాణికులకు తెరిచిన దారి. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన ఉంది, నూటికి ఒకటి చొప్పున మైళ్ల తరబడి ఎగువే. 1980లలో దాన్ని మూసేద్దామని ప్రభుత్వం అనుకుంటే జనం పోరాడి ఆపారు. 1989లో మూయబోమని ప్రభుత్వమే ప్రకటించింది. ఆ లైను తెలియని ఇంగ్లీషువాడు లేడు, కాబట్టి జనాన్ని ఆపడానికి అది ముందుంటుంది. రెండో కంప్యూటర్‌కు నిజమైన ఇంజనులో ఉన్నట్టు చేత్తో తోసే లివర్లున్న కంట్రోల్ పెట్టె బిగించారు. మూడోది మాది, విజయవాడ లైను.

పిల్లలు మూడింటి దగ్గరా చేసేది ఒకటే. కంట్రోలరు చివరి దాకా తోస్తారు, హారన్ కొడతారు, వచ్చే స్టేషన్లో ఆపలేక దాటిపోతారు. అప్పుడు నా పాఠం మొదలు. "బ్రేకు వేయగానే రైలు ఎందుకు ఆగలేదు?" రైలు పొడవునా ఒక గాలి గొట్టం ఉంటుంది, అందులో ఐదు కేజీల ఒత్తిడి. డ్రైవరు బ్రేకు వేయడమంటే ఆ గాలిని కొంచెం వదలడం. ఒత్తిడి తగ్గిన కబురు ముందు పెట్టె నుంచి వెనక పెట్టెకు ఒకదాని తర్వాత ఒకటి చేరాలి. మళ్లీ బ్రేకు విడిపించాలంటే గొట్టం మొత్తం నిండాలి, దానికి ఇంకా ఎక్కువసేపు. అంచేత రైలు డ్రైవరు కనిపించేదాన్ని చూసి నడపడు. కిలోమీటరు ముందున్నదాన్ని తలుచుకుని నడుపుతాడు. ఇది చెప్పాక రెండోసారి కూర్చున్న ఒక పదేళ్ల పిల్ల స్టేషన్ కనిపించకముందే కంట్రోలరు తగ్గించేసింది, ప్లాట్‌ఫారం చివర గుర్తు దగ్గర నిలబెట్టింది. వెనక నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. నా సర్వీసులో జడత్వం గురించి చెప్పిన పాఠాల్లో అంత త్వరగా ఫలితం వచ్చినది లేదు.

మా దారిలో మా అబ్బాయి పెట్టిన ఐదు నిమిషాల ఆట ఇలా ఉంటుంది. రాయనపాడులో బయల్దేరాలి. ఆకుపచ్చ, తర్వాత రెండు పసుపులు, తర్వాత ఒక పసుపు, ఆఖరున ఎరుపు. విజయవాడ ఔటర్‌లో ఆగిపోవడంతో ఆట ముగుస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఆగి, ఓపిగ్గా చూసి, "చెడిపోయిందా?" అని అడిగేవారు. మధ్యాహ్నం ఒక తెలుగు కుటుంబం వచ్చింది. ఖమ్మం అమ్మాయి, దగ్గర ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. భర్త నడుపుతుంటే వెనక నిలబడి చూస్తోంది. ఎరుపు పడి రైలు ఆగగానే ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "అయ్యో, ఇక్కడా ఔటరేనా! అంకుల్, మీది ఏ ఊరండీ?" అంది. తిరువూరు అన్నాను. "తిరువూరుకి రైలెక్కడిదండీ?" అంది. తర్వాత అరగంట స్టాలులో తెలుగే నడిచింది. వాళ్ల పాప మూడోసారి కూడా ఔటర్‌లో ఆగి, "సిగ్నల్ ఎప్పుడు పడుతుంది తాతా?" అంటే జవాబు నా దగ్గర లేదు, బెజవాడలోనూ ఎవరి దగ్గరా ఉండదు.

మధ్యలో చిన్న గొడవ. మన లైన్లలో గేటు ముందు హారన్ కొట్టమని బోర్డు ఉంటుంది, ఉన్న ప్రతిచోటా కొట్టాల్సిందే. మా అబ్బాయి ఆ హారన్ నిజం రైలు దగ్గర రికార్డు చేసి పెట్టాడు. మా పక్కనే ప్రశాంతమైన పల్లెటూరి స్టేషను నమూనా ఉంది. గొర్రెలు, చర్చి, ఒకే పెట్టెతో నెమ్మదిగా వచ్చిపోయే రైలు. మా ఇంజను కూసినప్పుడల్లా ఆ నమూనా యజమాని టీ కప్పు పట్టుకున్న చేయి ఉలిక్కిపడేది. చివరికి ఆయనే వచ్చి, చాలా మర్యాదగా, "మీ దేశంలో పట్టాల మీద అంతమంది ఉంటారా?" అని అడిగాడు. ఉంటారన్నాను. ధ్వని తగ్గించాం. సాయంత్రం ఆయనే వచ్చి మా లైను రెండుసార్లు నడిపి, రెండుసార్లూ హారన్ మాత్రం తనివితీరా కొట్టుకుని వెళ్లాడు.

ఆదివారం ఒక రిటైర్డ్ డ్రైవరు వచ్చి కూర్చున్నాడు. మాట లేదు. మా డబ్ల్యూఏపీ-4 ఇంజను కంట్రోలరు 32 నాచ్‌లనూ ఒక్కొక్కటే ఎక్కించాడు. రెండు పసుపులు రాగానే వేగం తగ్గించాడు. నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. రెండు పసుపులంటే జాగ్రత్తపడమని, ఒక పసుపంటే తర్వాతది ఎరుపని రెండు దేశాల్లోనూ ఒకే లెక్క. కరెంటూ అక్కడా ఇక్కడా 25 వేల వోల్టులే. తేడా న్యూట్రల్ సెక్షన్ దగ్గర వచ్చింది. రెండు సబ్‌స్టేషన్ల కరెంటు కలవకుండా మధ్యలో తీగలో కొంత భాగం ఖాళీగా ఉంటుంది. మన దగ్గర 500 మీటర్లు, 250 మీటర్లు అని బోర్డులుంటాయి, డ్రైవరే చూసుకుని డీజే అనే సర్క్యూట్ బ్రేకరును ఓపెన్ చేసి, దాటాక మళ్లీ వేయాలి. ఆయన చేయి కదపలేదు. "మా దగ్గర పట్టాల పక్కనుండే మాగ్నెట్లు ఆ పని చేస్తాయి" అన్నాడు. తర్వాత ఎరుపు దాటితే ఆపేది ఏదైనా ఉందా అని అడిగాడు. కవచ్ గురించి చెప్పాను. సిగ్నల్ ఏ రంగులో ఉందో రేడియో ద్వారా క్యాబిన్ లోపలే తెలుస్తుందని, డ్రైవరు ఆపకపోతే అదే ఆపుతుందని, మా దక్షిణ మధ్య రైల్వేలోనే దాన్ని మొదట పరీక్షించి 1,465 కిలోమీటర్ల మేర అమర్చారని అన్నాను. ఆయన తన రోజుల్లో క్యాబిన్లో మోగే హారన్, నలుపు పసుపు రేకులతో తిరిగే బిళ్ల గురించి చెప్పాడు. దాన్ని వాళ్లు పొద్దుతిరుగుడు పువ్వు అంటారట. ఇద్దరం లైన్లు, ప్రమాదాలు, రాత్రి డ్యూటీల గురించి మాట్లాడుకుంటుంటే క్యూ ఆగిపోయింది. పెద్దాయన దూరం నుంచి ఐదు వేళ్లు చూపించాడు.

ఇక కొండపల్లి బొమ్మలు. శనివారం పొద్దున మా బల్ల చివర బోసిగా ఉందని కోడలు ఇంట్లోంచి తెచ్చి పెట్టింది: ఎడ్లబండి, తాటిచెట్టెక్కుతున్న గీతకార్మికుడు, అంబారీ ఏనుగు. తెర మీద కొండపల్లి స్టేషను వస్తుంటే పక్కన కొండపల్లి బొమ్మలు బాగుంటాయనుకున్నాం. మోడల్ రైళ్లు చేసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కంప్యూటర్ వైపు చూడకుండా వాటి ముందు వంగడం మొదలుపెట్టారు. మొదటి ప్రశ్న అందరిదీ ఒకటే, "ఇది ఏ స్కేలు?" అని. ఎడ్లకంటే బండి చిన్నది, మనిషికంటే తాటిచెట్టు కొంచెమే ఎత్తు. ఏ స్కేలూ కాదన్నాను. రెండో ప్రశ్న అసలైనది: "అతుకులు ఎక్కడ?" తెల్లపొణికి కర్ర తేలికైనదని, చేతులు, కాళ్లు, తలలు వేర్వేరుగా చెక్కుతారని, చింతగింజల పిండిలో రంపంపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికి, ఆ మక్కుతోనే కండరాలు, మూపురం దిద్దుతారని, తర్వాత సున్నం పూసి రంగులేస్తారని చెప్పాను. ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు. వాళ్లు కొనే ప్లాస్టిక్ గడ్డి, రెజిన్ మనుషులకంటే ఈ మక్కు మీద వాళ్లకు ఎక్కువ ఆసక్తి కలిగింది. ఒకాయన ఏనుగు చెవి పక్కన వేలు పెట్టి ఎంతోసేపు అతుకు వెతికాడు. కొండపల్లి పక్కనుంచి జీవితమంతా బస్సులో పోయినవాణ్ని, నేనెప్పుడూ అలా వెతకలేదు. ఇంటిలో బొమ్మల కొలువు కోసం కొనడమే తప్ప.

ఆదివారం మధ్యాహ్నం ఒక గంట సెలవిచ్చారు. హాలంతా తిరిగాను. ఒక నమూనా ముందు బోర్డు చదివి ఆగిపోయాను. అసలు ఎప్పుడూ వేయని లైను అది. రెండు ఊళ్ల మధ్య రైలు వేయాలని ఒకప్పుడు జనం అడిగారు, ఎవరూ వేయలేదు. వేసి ఉంటే ఎలా ఉండేదో చేసి చూపించారు. వంతెన ఎక్కడ, స్టేషన్ ఏ రాయితో, ఏ కంపెనీ ఇంజన్లు, ఏ ఏడు మూసేసేవారు, అన్నీ లెక్కే. ఇలాంటివి చేయడం వాళ్లకు మామూలేనట. నాకు వెంటనే తిరువూరు గుర్తొచ్చింది. కొండపల్లి నుంచి మైలవరం, తిరువూరు మీదుగా కొత్తగూడెం దాకా లైను రావాలన్న మాట మా ప్రాంతంలో ఏళ్లుగా వింటున్నదే. 2022లో కొత్తగూడెం దగ్గర భద్రాచలం రోడ్డు స్టేషన్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల లైను బొగ్గు కోసం వచ్చింది. అక్కణ్నుంచి మాకెంత దూరం?

స్టాలుకి వచ్చి మా అబ్బాయితో అన్నాను. "మన దారిలో కొండపల్లి దగ్గర ఒక పాయ చీల్చి తిరువూరు దాకా వేద్దాంరా."

"లేని లైను వేయను నాన్నా. మనం ఉన్నదే చూపిస్తున్నాం. అందుకే జనం నమ్ముతున్నారు."

"వీళ్లు వేశారుగా?"

"వీళ్లు లెక్క కట్టి వేశారు. నువ్వు ఆశతో వేయమంటున్నావు."

పక్కన టీ తాగుతున్న పెద్దాయన సంగతేమిటని అడిగాడు. చెప్పాం. ఆయన కప్పు కింద పెట్టి ఒక్కటే అడిగాడు: "నీళ్లు ఎటు పారతాయి?" వంతెన ఎక్కడ, మట్టికట్ట ఎంత ఎత్తు, స్టేషన్ ఊరికి ఎంత దూరం పడుతుంది అన్నవి దాని మీద ఆధారపడతాయని, అది తెలియకుండా గీసిన లైను లైను కాదని అన్నాడు. రైలు రావాలని మా ఊళ్లో వినతిపత్రాలు రాసినప్పుడు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. ఊరికి రైలు రావాలనే మాట ఎంత తేలికగా అంటామో, ఏ పొలం మధ్య నుంచి రావాలో చెప్పమన్నప్పుడు నోరు అంత తేలికగా తిరగదు. ఈ అభిరుచికి ఇంత సమయం ఎందుకు ధారపోస్తారో అప్పుడు అర్థమైంది. కోరికను కూడా కొలిచి చూస్తారు వీళ్లు. కొలిచినప్పుడు అది ఎంత ఖర్చో, ఎవరి నష్టమో బయటపడుతుంది.

ఆదివారం సాయంత్రం మూత వేయగానే గంటలో హాలు ఖాళీ అయింది. ఊళ్లకు ఊళ్లు ముక్కలై పెట్టెల్లోకి, పెట్టెలు వ్యాన్లలోకి వెళ్లాయి. సోమవారం టివిడేల్‌లోని బాలాజీ గుడికి వెళ్లాం. 2006లో ప్రారంభమైన ఆ గుడి, వార్లీ అన్న పాత పురపాలకం ఉన్న ప్రాంతంలోనే ఉంది. మేం ఏ క్లబ్బు ప్రదర్శనకు పనిచేశామో దాని పేరు అక్కణ్నుంచే వచ్చింది. గుళ్లో పులిహోర తింటూ మా ఆవిడ అడిగింది, వచ్చే ఏడు కూడా స్టాలు పెడతారా అని. పెడతారన్నాను.

పెట్టలేదు. 2024లో వార్లీ క్లబ్బు, ఇక ఆ పెద్ద ప్రదర్శన జరపబోమని ప్రకటించింది. అన్నేళ్లు దాన్ని నడిపింది జీతగాళ్లు కాదు, సెలవు పెట్టుకుని వచ్చే సభ్యులే. ఆ వార్త చదివినప్పుడు నాకు పెద్దాయన చెప్పిన స్టాలు నియమాలు గుర్తొచ్చాయి. ఇలాంటి పని ఎవరో ఒకరు చేతికి అందిస్తేనే మరొకరు చేస్తారు. మన దగ్గర ఈ అభిరుచి మొత్తంగా లేనిదేమీ కాదు. పుణెలో జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి ఉంది, ఢిల్లీలో జాతీయ రైలు మ్యూజియం 1977 నుంచి ఉంది. తిరువూరులో ఇలాంటిది మొదలుపెట్టడానికి ఒక స్కూలు గది చాలు, రెండు కంప్యూటర్లు చాలు. చీటీ అంటించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా కొన్నాను.

తిరువూరు లైను గురించి మాత్రం మా అబ్బాయి షరతు పెట్టాడు. "వాగులు ఎక్కడెక్కడ దాటాలో, వానాకాలంలో నీళ్లెంత ఎత్తు వస్తాయో చూసి పంపు నాన్నా. అప్పుడు స్టేషన్ సంగతి మాట్లాడదాం." అంచేత ఇప్పుడు నోటు పుస్తకం, కొలత టేపు పట్టుకుని మైలవరం, ఎ.కొండూరు వైపు పొలాల గట్ల మీద తిరుగుతున్నాను. కల్వర్టుల ఎత్తు కొలుస్తున్నాను, ముసలి రైతులను వరదల గురించి అడుగుతున్నాను. పని బాగానే సాగుతోంది. చిక్కల్లా మామిడితోటల వాళ్లతోనే. నేను రైల్వే సర్వే మనిషినని ఊళ్లో పుకారు లేచింది. నిన్న ఒకాయన కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఎకరానికి ఎంతిస్తారని అడిగాడు. కంప్యూటర్లో లైను అని చెబితే, "అట్లాగే అంటార్లెండి మొదట్లో" అన్నాడు.